ఏ బంధం తెగింది? ఏ బంధం ఏర్పడింది?

నిత్యజీవిత రసాయన చర్యలను తరగతి గదికి తేవడమెలా?
సైన్సు ఉపాధ్యాయులకు, డీఎస్సీ అభ్యర్థులకు ఉపయుక్త కథనం

ముషీరాబాద్: అశోక్‌నగర్, చిక్కడపల్లి ప్రాంతాలు పోటీ పరీక్షల అభ్యర్థులకు నెలవులు. నగర కేంద్ర గ్రంథాలయంలోనూ, చుట్టుపక్కల గల్లీల్లోని స్టడీ హాళ్లలోనూ రాష్ట్రం నలుమూలల నుంచి వచ్చిన యువతీ యువకులు ఉదయం నుంచి పొద్దుపోయే వరకు పుస్తకాలతో కుస్తీ పడుతుంటారు. ఉపాధ్యాయ కొలువు ఆశించేవారు వీరిలో ఎందరో ఉన్నారు. తెలంగాణలో 2024లో 11,062 ఉపాధ్యాయ పోస్టుల కోసం డీఎస్సీ నిర్వహించారు. ‘సోడియం క్లోరైడ్‌లో ఉండే బంధం ఏది?’ అన్న బిట్టుకు ఈ అభ్యర్థులు క్షణంలో జవాబు గుర్తించగలరు. కానీ రేపు తరగతిలో ఒక పిల్లవాడు లేచి, ‘సార్, పెనం మీద వేస్తే చక్కెర మాడి నల్లబడుతుంది, ఉప్పు ఎందుకు నల్లబడదు?’ అని అడిగితే ఆ బిట్టు ఒక్కటే అక్కరకు రాదు.

పదో తరగతి భౌతిక రసాయన శాస్త్రంలో రసాయన సమీకరణాలు ఒక పాఠం, రసాయన బంధం మరొక పాఠం. రెండింటినీ విడివిడిగా చదివిన విద్యార్థికి అవి రెండు వేర్వేరు విషయాలుగానే మిగిలిపోతాయి. నిజానికి అవి ఒకే విషయం. పాత బంధాలు తెగి, పరమాణువులు కొత్త అమరికలో తిరిగి బంధాలు ఏర్పరచుకోవడమే రసాయన చర్య. ప్రతి చర్యనూ చెప్పేటప్పుడు ‘ఇక్కడ ఏ బంధం తెగింది? ఏ బంధం ఏర్పడింది?’ అని అడగడం అలవాటు చేస్తే రెండు పాఠాలూ ఒకటవుతాయి. ఆ ప్రశ్నకు కావలసిన ఉదాహరణలు ఖరీదైన ప్రయోగశాలలో కాదు, మన వంటింట్లో, వీధిలో, కుళాయి దగ్గరే ఉన్నాయి.

ఖర్చు ముందు, రాబడి తర్వాత

బంధాల గురించి విద్యార్థుల్లోనే కాక ఉపాధ్యాయుల్లోనూ తరచు కనిపించే పొరపాటు ఒకటుంది. బంధం తెగితే శక్తి విడుదలవుతుందని చాలామంది భావిస్తారు. వాస్తవం దీనికి పూర్తిగా విరుద్ధం. బంధాన్ని తెంచడానికి శక్తి ఖర్చవుతుంది. కొత్త బంధం ఏర్పడినప్పుడే శక్తి బయటికి వస్తుంది.

హైడ్రోజన్ మండి నీరుగా మారడాన్ని లెక్కగా వేసి చూపితే ఈ విషయం సులభంగా బోధపడుతుంది. రెండు మోల్‌ల హైడ్రోజన్ బంధాలను తెంచడానికి 872 కిలోజౌళ్లు, ఒక మోల్ ఆక్సిజన్ బంధాలను తెంచడానికి 498 కిలోజౌళ్లు కావాలి. మొత్తం ఖర్చు 1,370 కిలోజౌళ్లు. ఇప్పుడు ఆక్సిజన్‌కూ హైడ్రోజన్‌కూ మధ్య నాలుగు మోల్‌ల కొత్త బంధాలు ఏర్పడతాయి. ఒక్కొక్కదానికి సుమారు 463 చొప్పున 1,852 కిలోజౌళ్ల రాబడి. ఖర్చు పోను మిగిలిన 482 కిలోజౌళ్లే వేడిగా మనకు అందుతుంది.

వంటగ్యాసు విషయమూ ఇంతే. సిలిండర్‌లోని ప్రొపేన్, బ్యూటేన్ వాయువులు గాలిలో కలిసినంత మాత్రాన మండవు. మొదటి బంధాలను తెంచడానికి లైటర్ నిప్పురవ్వ కావాలి. ఆ తర్వాత కార్బన్ డయాక్సైడ్, నీటి అణువుల్లో ఏర్పడే కొత్త బంధాల రాబడి ఎక్కువ గనుక మంట తనంతట తానే కొనసాగుతుంది.

ఈ పొరపాటుకు మూలం చాలాసార్లు జీవశాస్త్ర పాఠంలో ఉంటుంది. కణానికి శక్తినిచ్చే ఏటీపీ అణువును 1929లో గుర్తించిన వారిలో భీమవరంలో పుట్టిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన ఈ పరిశోధన చేశారు. ‘ఏటీపీలోని ఫాస్ఫేట్ బంధం తెగితే శక్తి వస్తుంది’ అని పాఠంలో క్లుప్తంగా చెబుతారు. ఆ బంధం తెగడానికీ శక్తి ఖర్చవుతుంది. నీటితో చర్య జరిగాక ఏర్పడే కొత్త బంధాలు, కొత్త అమరిక మరింత స్థిరమైనవి కావడం వల్లనే చివరికి శక్తి మిగులుతుంది. తెలుగు శాస్త్రవేత్త పేరుతో పాటు ఈ సంగతి కూడా చెబితే పాఠం పూర్తవుతుంది.

ఉప్పు, చక్కెర: ఒకే తెలుపు, వేరు బంధాలు

మొదట అడిగిన ప్రశ్నకే వద్దాం. ఉప్పులో సోడియం, క్లోరైడ్ అయాన్లు ఒకదాని పక్కన ఒకటిగా అన్ని దిక్కులా పేర్చి ఉంటాయి. విరుద్ధ ఆవేశాల ఆకర్షణే వాటిని పట్టి ఉంచుతుంది. ఇదే అయానిక బంధం. ఉప్పు ద్రవంగా మారాలంటే 801 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. ఇంటి పెనం మీద అది కేవలం చిటపటలాడుతుంది. స్ఫటికాల్లో చిక్కుకున్న తేమ ఆవిరై బయటపడటమే ఆ చప్పుడుకు కారణం.

చక్కెర అలా కాదు. దానిలో కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్ పరమాణువులు ఎలక్ట్రాన్లను పంచుకుని సమయోజనీయ బంధాలతో అణువులుగా ఉంటాయి. ఒక అణువుకూ మరొక అణువుకూ మధ్య ఉండే ఆకర్షణ మాత్రం బలహీనం. 190 డిగ్రీల లోపే చక్కెర కరిగి, అణువులోని బంధాలు కూడా తెగడం మొదలై, పాకం ముదిరి గోధుమ రంగుకు వస్తుంది. ఇంకా వేడిచేస్తే నీరంతా పోయి నల్లని బొగ్గు మిగులుతుంది. ఉప్పులో కార్బనే లేదు గనుక నల్లబడేందుకు అవకాశమే లేదు.

తొమ్మిది వోల్టుల బ్యాటరీ, ఒక చిన్న ఎల్ఈడీ, తగిన రెసిస్టర్, రెండు పెన్సిల్ ములుకులు ఉంటే ఈ తేడాను తరగతిలోనే చూపవచ్చు. ములుకులను ఉప్పునీటిలో ముంచితే దీపం వెలుగుతుంది. చక్కెర నీటిలో వెలగదు. మొదటిదానిలో కదిలే అయాన్లు ఉన్నాయి, రెండోదానిలో లేవు. ఇంటి కరెంటుతో ఈ ప్రయోగం ఎన్నటికీ చేయరాదు.

ఇక్కడ భాష వల్ల వచ్చే చిక్కును కూడా ఉపాధ్యాయులు గమనించాలి. తెలుగులో వెన్న ‘కరుగుతుంది’, ఉప్పు కూడా నీటిలో ‘కరుగుతుంది’. మొదటిది ద్రవీభవనం, రెండోది ద్రావణంగా మారడం. ఒకే మాట వాడటం వల్ల రెండూ ఒకటేనని పిల్లలు అనుకుంటారు. వెన్న కరగడానికి వేడి చాలు, ఇంకో పదార్థం అక్కరలేదు. ఉప్పు కరగడానికి నీటి అణువులు వచ్చి ఒక్కొక్క అయాన్‌ను చుట్టుముట్టి విడదీయాలి. ఈ తేడాను మొదటి రోజే చెబితే తర్వాతి పాఠాలు సులువవుతాయి.

సున్నం తిరిగే వలయం

పండగకు గోడలకు వెల్ల వేయడం పాత ఇళ్లలో ఇప్పటికీ ఉన్న ఆచారం. ఒక్క సున్నంతోనే మూడు చర్యలు బోధించవచ్చు. సున్నపురాయిని బట్టీలో సుమారు 900 డిగ్రీల వరకు కాలిస్తే 100 గ్రాముల రాయి నుంచి 56 గ్రాముల పొడిసున్నం మిగిలి, 44 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వెళ్లిపోతుంది. ఇది రసాయన వియోగం. ఆ పొడిసున్నంపై నీళ్లు పోస్తే కుతకుత ఉడుకుతూ తడిసున్నమవుతుంది. ఇది రసాయన సంయోగం. 56 గ్రాముల సున్నం 18 గ్రాముల నీటితో కలిసినప్పుడు సుమారు 65 కిలోజౌళ్ల వేడి వెలువడుతుంది. సున్నం నానబెట్టే తొట్టి దగ్గరికి పిల్లలను రానివ్వకపోవడానికి కారణం ఇదే. గోడకు పూసిన తడిసున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని, నీటిని వదిలి, మళ్లీ కాల్షియం కార్బొనేట్‌గా గట్టిపడుతుంది. వెల్ల వేసిన రెండు మూడు రోజులకు గోడ మెరుపు తేలడం ఈ చర్య వల్లనే. బట్టీలో పోగొట్టుకున్న వాయువును సున్నం గోడ మీద తిరిగి పొందుతుందన్నమాట.

1591 నాటి చార్మినార్ రాళ్లను పట్టి ఉంచింది కూడా ఈ వలయమే. గానుగలో నూరిన డంగు సున్నం గాలి తగిలి, నెమ్మదిగా తిరిగి రాయిగా మారింది.

బంధాల దృష్టితో చూస్తే కాల్షియం కార్బొనేట్ ఒక మంచి ఉదాహరణ. కాల్షియం అయాన్‌కు, కార్బొనేట్ అయాన్‌కు మధ్య ఉన్నది అయానిక బంధం. కార్బొనేట్ అయాన్ లోపల కార్బన్, ఆక్సిజన్‌ల మధ్య ఉన్నది సమయోజనీయ బంధం. బట్టీలో తెగేది ఈ లోపలి బంధమే. ‘ఈ పదార్థం అయానికమా, సమయోజనీయమా?’ అన్న బిట్టుకు ఒక్క జవాబే ఉండాలని అనుకునే అభ్యర్థి ఇది గుర్తుంచుకోవాలి.

తాంబూలానికి తెచ్చిన సున్నం చిటికెడు ఉంటే మరొక ప్రయోగం సిద్ధం. పసుపులో సున్నం కలిపితే పారాణిలా ఎర్రబడుతుంది. అందులో నిమ్మరసం పిండితే మళ్లీ పసుపు రంగుకు వస్తుంది. పసుపులోని కర్కుమిన్ అణువు క్షారం సమక్షంలో హైడ్రోజన్ అయాన్‌ను కోల్పోతుంది, ఆమ్లంలో తిరిగి తీసుకుంటుంది. చొక్కా మీది కూర మరక సబ్బు తగలగానే ఎర్రబడేదీ ఇందువల్లనే.

చేపల కూరలో చింతపండు

మృగశిర కార్తె నాడు రాంనగర్ చేపల మార్కెట్ కిటకిటలాడుతుంది. చేప కడిగిన చేతులకు నిమ్మచెక్క రుద్దుకోవడం, పులుసులో చింతపండు పోయడం తరతరాల అలవాటు. చేప నిల్వ ఉన్నకొద్దీ సూక్ష్మజీవుల వల్ల అమైన్లు అనే పదార్థాలు తయారవుతాయి. సముద్రపు చేపల్లో ట్రైమిథైలమైన్ ప్రధానం. బొచ్చె, రవ్వ, కొర్రమీను వంటి మంచినీటి చేపల్లో ఇది తక్కువ. ఈ అమైన్లు సులభంగా ఆవిరై ముక్కును చేరతాయి.

అమైన్‌లోని నైట్రోజన్ పరమాణువు వద్ద ఎవరితోనూ పంచుకోని ఎలక్ట్రాన్ జంట ఉంటుంది. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం, నిమ్మలోని సిట్రిక్ ఆమ్లం ఇచ్చే హైడ్రోజన్ అయాన్ ఆ జంటను ఆధారం చేసుకుని బంధం ఏర్పరచుకుంటుంది. రెండు ఎలక్ట్రాన్లూ ఒకే పరమాణువు నుంచి వచ్చాయి గనుక ఇది సమన్వయ సమయోజనీయ బంధం. ఇలా ఏర్పడిన లవణం ఆవిరి కాదు. అందుకే నీచు వాసన తగ్గుతుంది. పాఠ్యపుస్తకంలో అమ్మోనియం అయాన్‌తో చెప్పే ఈ బంధానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ దొరకదు. అదే చింతపండు ఇత్తడి చెంబు మీద పేరుకున్న ఆక్సైడ్ పొరతో కూడా చర్య జరిపి దాన్ని నీటిలో కరిగే లవణంగా మార్చుతుంది.

ఉదయం టిఫిన్ సెంటర్‌లో వేడి నూనెలో పొంగే బజ్జీ కూడా పాఠమే. పిండిలో కలిపిన వంటసోడా వేడికి విడిపోయి సోడియం కార్బొనేట్, నీరు, కార్బన్ డయాక్సైడ్ ఇస్తుంది. ఆ వాయువే పిండిని ఉబ్బిస్తుంది. ఇడ్లీపిండి పులిసినప్పుడు ఉబ్బించేదీ ఎక్కువగా కార్బన్ డయాక్సైడే. అయితే దాన్ని అక్కడ తయారుచేసేది సూక్ష్మజీవులు. ఒకే వాయువు, రెండు మార్గాలు.

సుద్దముక్క చెప్పే హుస్సేన్‌సాగర్ కథ

వినాయక నిమజ్జనం రాగానే ప్లాస్టర్ ఆఫ్ పారిస్ చర్చకు వస్తుంది. జిప్సంను 120 డిగ్రీల ప్రాంతంలో వేడిచేస్తే దాని స్ఫటిక జలంలో ముప్పాతిక భాగం, అంటే నాలుగింట మూడు వంతులు పోయి ప్లాస్టర్ మిగులుతుంది. నీళ్లు కలపగానే పోయిన జలాన్ని తిరిగి తీసుకుని నిమిషాల్లో గట్టిపడుతుంది. గట్టిపడిన ఈ జిప్సం లీటరు నీటిలో సుమారు 2 గ్రాములకు మించి కరగదు. కాల్చని బంకమట్టి విగ్రహం కూడా రసాయనికంగా కరగదు. కాకపోతే నీరు చొరబడగానే రేణువులు విడిపోయి ఒండ్రులో కలిసిపోతుంది. అసలు తేడా ఇదే.

హుస్సేన్‌సాగర్‌లో ప్లాస్టర్ విగ్రహాల నిమజ్జనాన్ని తెలంగాణ హైకోర్టు 2021 సెప్టెంబరులో నిషేధించింది. ఆ ఒక్క ఏడాదికి సుప్రీంకోర్టు మినహాయింపు ఇచ్చింది. పుణెలోని జాతీయ రసాయన ప్రయోగశాల చూపిన మరో మార్గం కూడా ఉంది. అమ్మోనియం బైకార్బొనేట్ ద్రావణంలో ఉంచితే విగ్రహంలోని కాల్షియం సల్ఫేట్ కాల్షియం కార్బొనేట్‌గా, ఎరువుగా పనికివచ్చే అమ్మోనియం సల్ఫేట్‌గా మారుతుంది. రసాయన ద్వంద్వ వియోగానికి ఇది సజీవమైన ఉదాహరణ. ఇందులో సల్ఫేట్ అయాన్ లోపలి బంధాలు తెగవు. అయాన్లు జత మార్చుకుంటాయి.

దీనికి తరగతిలో చేయదగిన ప్రయోగం ఉపాధ్యాయుని చేతిలోనే ఉంది. మామూలు సుద్దముక్కలు ఎక్కువగా జిప్సంతో, ‘డస్ట్‌లెస్’ సుద్దముక్కలు ఎక్కువగా కాల్షియం కార్బొనేట్‌తో తయారవుతాయి. రెండింటి మీదా నిమ్మరసం వేసి చూడమనండి. కార్బొనేట్ సుద్ద నురగలు కక్కుతుంది, జిప్సం సుద్ద ఊరకుంటుంది. బోరు నీళ్ల బకెట్‌కు పట్టిన తెల్లని పొర మీద కూడా ఇదే పరీక్ష చేయవచ్చు.

ఉప్పులోని క్లోరిన్, కుళాయిలోని క్లోరిన్

రసాయన శాస్త్రం పరీక్షకే పరిమితం కాదని ముషీరాబాద్ ప్రాంతానికి ఒకరు చెప్పనక్కరలేదు. 2009 మే నెలలో భోలక్‌పూర్‌లో మురుగు కలిసిన తాగునీటి వల్ల పలువురు మరణించారు. ఎందరో ఆస్పత్రుల పాలయ్యారు. ఈ విషాదాన్ని సైన్సు పాఠం నుంచి వేరు చేయలేం.

విద్యార్థులను ఇలా అడగవచ్చు: ఉప్పులో క్లోరిన్ ఉంది, నీటి శుద్ధిలోనూ క్లోరిన్ వాడతారు. మరి నీళ్లలో ఉప్పు వేస్తే క్రిములు ఎందుకు చావవు? జవాబు బంధంలోనే ఉంది. ఉప్పులోని క్లోరైడ్ అయాన్‌కు బాహ్య కక్ష్యలో ఎనిమిది ఎలక్ట్రాన్లు నిండి ఉన్నాయి. అది ఇక ఎవరి నుంచీ ఏమీ తీసుకోదు. క్లోరిన్ వాయువును నీటిలో కలిపినప్పుడు ఏర్పడే హైపోక్లోరస్ ఆమ్లంలోని క్లోరిన్ స్థితి వేరు. ఆక్సిజన్‌తో బంధంలో ఉన్న ఆ క్లోరిన్ ఎలక్ట్రాన్లను బలంగా లాక్కుంటుంది. సూక్ష్మజీవి కణంలోని ప్రొటీన్లను ఆక్సీకరించి దాన్ని చంపుతుంది. ఆ పని ముగిశాక అదీ క్లోరైడ్‌గా మారి శాంతిస్తుంది.

అందుకే కుళాయి చివర కూడా కొంత క్లోరిన్ మిగిలి ఉండాలి. భారతీయ ప్రమాణాల ప్రకారం లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల స్వేచ్ఛా క్లోరిన్ ఉండాలి. పైపులోకి మురుగు చొరబడితే అందులోని సేంద్రియ పదార్థం, అమ్మోనియా ఆ క్లోరిన్‌ను ఖర్చు చేసేస్తాయి. రోజూ క్లోరిన్ కనిపించే కుళాయిలో ఒకనాడు అది శూన్యమైతే, అదొక హెచ్చరిక. చవకగా దొరికే పరీక్ష కిట్టులో మాత్ర వేస్తే నీరు గులాబీ రంగుకు రావాలి. రాకపోతే ఆ నీటిని కాచకుండా తాగరాదు, వెంటనే జలమండలికి తెలపాలి. తొమ్మిది, పది తరగతుల విద్యార్థులు తమ తమ బస్తీల కుళాయి నీళ్లు తెచ్చి ఈ పరీక్ష చేస్తే, ఆ పాఠం ఇంటిల్లిపాదికీ రక్షణ అవుతుంది.

ఇదే పాఠంలో ఒక హెచ్చరిక తప్పక చెప్పాలి. బ్లీచింగ్ పౌడర్‌ను గానీ, బ్లీచింగ్ ద్రావణాన్ని గానీ మరుగుదొడ్లు కడిగే ఆమ్లంతో కలపరాదు. కలిపితే క్లోరిన్ వాయువు వెలువడుతుంది. తలుపు మూసిన చిన్న గదిలో అది ప్రాణాంతకం. విడివిడిగా రెండూ శుభ్రపరిచేవే కదా, కలిపితే ఇంకా బాగుంటుందని అనుకోవడమే ప్రమాదాలకు కారణం.

ఉపాధ్యాయులకు సూచనలు

* ప్రతి చర్యకూ ముందుగా పదాలతో సమీకరణం రాయించాలి. సంకేతాలు ఆ తర్వాతే.
* తెగిన బంధాలను ఒక రంగుతో, ఏర్పడిన బంధాలను మరో రంగుతో నల్లబల్ల మీద చూపాలి.
* ‘పరమాణువుకు ఎలక్ట్రాన్ కావాలని కోరిక’ వంటి మాటలు తగ్గించాలి. ఆకర్షణ, స్థిరత్వం, శక్తి అనే భాషలో చెప్పాలి.
* ‘ఉప్పు అణువు’ అనరాదు. ఘన ఉప్పులో విడి అణువులు లేవు, అయాన్ల అమరికే ఉంది.
* ఇంటి నుంచి ఒక మార్పును గమనించి రమ్మని వారానికి ఒకసారి చెప్పాలి. పాలు తోడుకోవడం, మేకు తుప్పుపట్టడం, వెండి పట్టీలు నల్లబడటం వంటివి చాలు.
* ఆమ్లాలు, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌లతో ప్రయోగాలు ఉపాధ్యాయుడే చేసి చూపాలి. కళ్లకు రక్షణ, గదికి గాలి తప్పనిసరి.
* బిట్టుకు జవాబు చెప్పిన విద్యార్థిని ‘ఎందుకు?’ అని మరొక్కసారి అడగాలి. అభ్యర్థులు కూడా చదివేటప్పుడు తమను తాము ఇలాగే ప్రశ్నించుకుంటే పరీక్షలోనూ, ఆ తర్వాత తరగతి గదిలోనూ మేలు జరుగుతుంది.